జూన్ ఒకటో తారీఖు

రాగి జావలో ఉండలు కట్టకూడదు. ఉండ తగిలితే ప్రశాంత్‌కి చిగుళ్ళు సలుపుతాయట. అందుకని పిండిని ముందు చన్నీళ్ళలో కలుపుకుని, ఎసరు మరిగాక సన్నధారగా పోస్తూ, గరిటె ఆపకుండా తిప్పాలి. మూడు వారాలుగా తిప్పుతున్నాను. పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. వాడి ముందు పళ్ళు రెండూ ఊడగొట్టింది నా కూతురు జెస్సికా. అది నెల్లూరులో ఆడవాళ్ళ జైల్లో ఉంది. నేనిక్కడ వాడికి జావ కాస్తున్నాను.

ప్రశాంత్ మా బావగారి కొడుకు. ఇరవై ఆరేళ్ళవాడు. ఉదయగిరిలో మావి ఒకే వాకిట్లో రెండు ఇళ్ళు. వంటిల్లు మాత్రం ఒక్కటే, అది నాది. నాది అంటే హక్కు అని కాదు, చాకిరీ అని. “నీ కూతురు చేసిన పనికి ఈమాత్రమన్నా చెయ్యవా సుకుమారీ?” అంది మా తోడికోడలు, పళ్ళు ఊడిన మర్నాడే. చేశాను. ఎందుకు చేశానో ఇప్పుడు తలుచుకుంటే నా చేతుల మీద నాకే కోపం వస్తుంది. కాళ్ళూ చేతులూ అలవాటు పడిపోతాయి. మనసు వద్దంటున్నా చెయ్యి పిండి డబ్బా మూత తీస్తుంది.

“ఈ పొద్దు కోర్టులో ఏదడిగినా తెలీదని చెప్పు. అంతే,” అన్నాడు మా ఆయన సురేంద్రబాబు, నేను ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ. “పిల్ల ఎప్పుడు పుట్టింది? తెలీదు. బడిలో ఏం రాయించినారు? తెలీదు. చదువు లేని ఆడమనిషి, ఏం తెలుస్తాదిలే అని వాళ్ళే వదిలేస్తారు.”

“నేను పదో తరగతి పాసయినాను,” అన్నాను.

“ఇదిగో, ఇట్టాంటివే చెప్పొద్దంటాండా.”

పంతొమ్మిదేళ్ళ కాపురంలో ‘నీకేం తెలుసు’ అన్న మాట వినని రోజు లేదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి ఓటు దాకా నాకేమీ తెలియదు. ఈ రోజు మాత్రం నా తెలియనితనంతో ఈ ఇంటికి పని పడింది. కడిగి, తుడిచి, కోర్టు బోనులో పెట్టి చూపించాలట.

మా ఇంటి వెనకే చెక్క స్పూన్ల షెడ్డు. అడవి కొయ్యని కోసి, స్పూన్లుగా, ఫోర్కులుగా చెక్కి, ఆకురాయితో అరగదీసి, గరుకు కాగితంతో నున్నగా రుద్దుతాం. షెడ్డు బావగారిది, అజమాయిషీ ప్రశాంత్‌ది. బయటి నుంచి వచ్చే ఆడవాళ్ళకి కూలి ఇస్తారు. నేను ఇంటి మనిషిని కాబట్టి నాకు ఇవ్వరు. జెస్సికా ఇంటి పిల్ల కాబట్టి దానికీ ఇవ్వరు. పది అయ్యాక రెండేళ్ళు చదువు మాన్పిస్తే, మళ్ళీ చేరి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న పిల్ల, కాలేజీ నుంచి వచ్చి సంచి పక్కన పడేసి ఆకురాయి పట్టుకునేది.

నవంబరులో ఒక రోజు అంట్లు కడుగుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. “అమ్మా, ప్రశాంతన్న ఊరికే చెయ్యి పట్టుకుంటాండాడు. స్పూను ఎట్టా పట్టుకోవాలో చూపిస్తానంటాడు. పుట్టినప్పటి నుంచి ఆ షెడ్డులోనే ఉండా, నాకు తెలీదా స్పూను పట్టుకోవడం?”

నేనేమన్నాను? “తలుపు దగ్గర కూచోమ్మా. అందరికీ కనపడే చోట కూచో,” అన్నాను. ఈ మాట దాచుకుంటే మిగతాదంతా చెప్పే అర్హత నాకుండదు. వాణ్ణి నిలదీయలేదు. పిల్లనే జరిగి కూర్చోమన్నాను. మా అమ్మ నాకు చెప్పిందీ అదే. జరిగి కూర్చోవడం మాకు వంశపారంపర్యంగా వచ్చిన విద్య.

జనవరి ఇరవయ్యో తారీఖు సాయంత్రం, కూలి ఆడవాళ్ళు వెళ్ళిపోయాక, ప్రశాంత్ షెడ్డు తలుపు వేశాడు. జెస్సికా చేతిలో జానెడున్నర ఇనుప ఆకురాయి ఉంది. తలుపు తెరుచుకుని ముందు బయటికి వచ్చింది అది. తర్వాత వాడు, మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకుని.

పోలీసు స్టేషన్లో దానికి నోరు తెరిచే సందు ఇవ్వలేదు వాళ్ళ నాయన. “అన్నాచెల్లెళ్ళ గొడవ సార్. పిల్లకి కోపం జాస్తి,” అని తనే చెప్పేశాడు. బావగారు పళ్ళ డాక్టరు రాసిన చీటీ పెట్టారు. జెస్సికా పదో తరగతి సర్టిఫికెట్ పెట్టింది కూడా మా ఆయనే. అందులో పుట్టిన తేదీ జూన్ ఒకటి, రెండువేల ఏడు. ఆ లెక్కన దానికి పద్దెనిమిది నిండి ఏడున్నర నెలలు. మేజరు కింద రాసుకుని, ఆయుధంతో తీవ్రంగా గాయపరిచిందన్న సెక్షను పెట్టి నెల్లూరు పంపారు.

ఆ తేదీ అబద్ధం. ఆ అబద్ధం ఆడింది నేను.

ఉదయగిరిలో మా వీధి బడిలో సగం మంది పిల్లలు జూన్ ఒకటో తారీఖునే పుట్టారు. ఓబయ్య మాస్టారు హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ అంతే. ఎవరూ పుట్టిన కాగితం తీసుకురారు, ఆయనా అడగడు. “అయిదు నిండినాయా?” అంటాడు. నిండాయంటే జూన్ ఒకటి వేస్తాడు. జెస్సికాకి అప్పుడు నాలుగేళ్ళ రెండు నెలలు. నన్ను షెడ్డులో కూర్చోబెట్టారు. “పిల్లని చంకన వేసుకుని ఆకురాయి పడతావా?” అని మా అత్త రోజూ దెప్పేది. పక్కన దింపితే పిల్ల రంపపు పొట్టు నోట్లో పోసుకునేది. అంగన్‌వాడీ మధ్యాహ్నానికే అయిపోయేది. బడి అయితే నాలుగింటి దాకా ఉంటుంది. “నిండినాయి సార్,” అన్నాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన పగలబడి నవ్వాడు. “ఒక్క మాటతో ఏడాది పెంచేసినావే! మొనగత్తెవే!” ఆ రోజు నన్ను మెచ్చుకున్నాడు. ఇప్పుడు అదే పనిని ‘నువ్వు చేసిన దొంగతనం’ అంటున్నాడు.

జైల్లో పిల్లని చూడటానికి ఒకసారే వెళ్ళగలిగాను. జాలీ అవతల నుంచి అది మొదట అడిగింది ఫిజిక్స్ రికార్డు గురించి. “సగమే రాసినానమ్మా. మార్చిలో పరీక్షలు. మా క్లాసు స్రవంతినన్నా అడిగి తెచ్చిపెట్టు.” తర్వాత, “ఇక్కడందరూ నీ వయసు వాళ్ళే. నన్ను పాపా అని పిలుస్తాండారు,” అంది. కాగితం చూడకుండానే ఆ ఆడవాళ్ళకి తెలిసింది. బెయిలు మాట ఎత్తితే మా ఆయన ఒకటే పాట. “ముందు రాజీ కాగితం మీద సంతకాలు పడనీ. మా అన్న కేసు వెనక్కి తీసుకుంటాడు, పిల్ల ఇంటికొస్తాది. ఈలోపల పిల్ల మైనరు, గియినరు అని ఎత్తినావంటే మా ప్రశాంత్ గాడి మీద పోక్సో పడతాది. బతుకు నాశనమయిపోతాది.”

ఎవరి బతుకో అని కూడా అడగలేదు నేను. ‘మా ప్రశాంత్’ అన్నాడు. ‘మా జెస్సికా’ అనలేదు.

లీగల్ ఎయిడ్ లాయరు రేణుకాదేవి ఫోన్ చేసి కోర్టు దగ్గరికి రమ్మంది రెండో వారంలో. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చి, కోర్టు వరండాలో నిలబడే తింటూ, తన టిఫిన్ డబ్బా మూతలో నాకూ రెండు ముద్దలు పెట్టింది. “మీ పాప ఒక మాట చెప్పిందమ్మా. బడిలో ఏడాది ఎక్కువ వేయించినామని మీరు అనేవాళ్ళంట. నిజమేనా?”

“నిజమైతే ఏమవుతాదమ్మా?”

“పద్దెనిమిది నిండని పిల్ల మీద ఈ కోర్టుకి అధికారమే లేదు. మేజిస్ట్రేటు గారు కావాలన్నా విచారించలేరు. పిల్లల బోర్డుకి పంపాల్సిందే. అక్కడ ఒక మేజిస్ట్రేటు, సంఘసేవ చేసేవాళ్ళు ఇద్దరు కూచుంటారు, ఆ ఇద్దర్లో ఒకరు ఆడమనిషే ఉండాలని చట్టం. పిల్లని జైల్లో పెట్టకూడదు. బేడీలు వెయ్యకూడదు. పేరు పేపర్లో రాయకూడదు. ముందు పిల్ల ఎందుకు కొట్టిందో కనుక్కుంటారమ్మా.”

ఎందుకు కొట్టింది. ఈ రెండు మాటలు మా వాకిట్లో ఒక్కరి నోటి నుంచి రాలేదు.

“మార్చిలో ఎటూ నిండుతాయి గదా, రెండు నెలలకి ఇంత రభసేంది అంటాండారు మావాళ్ళు.”

“నేరం జరిగిందంటున్న రోజు లెక్కమ్మా, ఇవాళ్టిది కాదు. ఆ రోజుకి ఒక్క దినం తక్కువున్నా చిన్నపిల్లే.”

“అయితే కాగితం మీద రాసి సంతకం పెట్టిస్తా. మా ఆయన చూడకుండా.”

“కుదరదు. పదో తరగతి సర్టిఫికెట్‌కి మొదటి స్థానం. అది తప్పని నమ్మించాలంటే అఫిడవిట్ చాలదు, సాక్ష్యం కావాలి. మీరు బోనెక్కి నోటితో చెప్పాలి. అవతలి వాళ్ళు అడిగితే జవాబివ్వాలి.”

“బడిలో అబద్ధం చెప్పింది నేనేనమ్మా. నన్ను జైల్లో వేస్తారా?”

ఆమె డబ్బా మూత తుడిచి పెట్టింది. “భయం లేదని నేను చెప్పను. చివాట్లు పడొచ్చు. కానీ మీరు చెప్పకపోతే జైల్లో ఉండేది మీరు కాదు గదా.”

నేను కొంగున దాచి తెచ్చిన రాజీ కాగితం చూపించాను. మా ఆయన సంతకం అప్పటికే ఉంది, నాది బాకీ. ఆమె రెండు నిమిషాల్లో చదివేసింది. “ఈ సెక్షను కేసు రాజీతో పోదమ్మా. మీకు చెప్పలేదా? వాళ్ళు వెనక్కి తీసుకుంటామన్నా పోదు.”

“మరి ఈ కాగితం ఎందుకు?”

“చదవండి.”

చదివాను. మా అమ్మాయి క్షణికావేశంలో కొట్టింది. శ్రీ ప్రశాంత్ మీద మాకు ఎటువంటి ఆరోపణలూ లేవు, ఇకముందు చేయము. కింద తండ్రి, తల్లి అని రెండు గీతలు. పిల్లని ఇంటికి తెచ్చే మాట అందులో ఎక్కడా లేదు. పదో తరగతి చదివిన దాన్ని, వారం రోజులు ఆ కాగితం బియ్యం డబ్బా మీద పెట్టుకుని, మా ఆయన చెప్పిందే అందులో ఉందనుకున్నాను.

మర్నాడు అమ్మకి బాగాలేదని చెప్పి బయల్దేరాను. ఆత్మకూరులో బస్సు మారి సోమశిల దారిలో మా పుట్టింటి పల్లె. మా అమ్మ శీనమ్మ చింతపండు గింజ తీస్తోంది. విషయం చెబితే చేతిలో గింజ కిందపడేసింది.

“తేదీ తెలీకపోవడమేంది? మట్టల ఆదివారానికి ముందురోజు గదా నీకు నొప్పులొచ్చింది! మగోళ్ళందరూ గుడికి ఈత మట్టలు కొయ్యను పోయినారు. ఆస్పత్రికి తీసకపోను ఆటో పిలిచే నాథుడు లేడు. పెంచలమ్మ వచ్చి పురుడు పోసింది. మీ ఆయన మూణ్ణాళ్ళకి వచ్చి, ఆడపిల్లా అని నీళ్ళు కూడా తాగకుండా పోయినాడు. నేను మర్చిపోతానా?”

మా బాప్టిస్టుల్లో పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. కానీ ఇంచుమించు రెండు నెలలకి గుడిలో దేవుని ముందు పెట్టి ప్రార్థన చేసి, శిశుప్రతిష్ఠ అని రిజిస్టరులో రాస్తారు. పాస్టరు శాంతికుమార్ గారు, రెండువేల ఎనిమిదిలో ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం మార్చి పదహారని చెప్పి, పాత రిజిస్టరు తీసి, చెదలు దులిపి, వేలు పెట్టి చూపించారు. మే పదకొండు, రెండువేల ఎనిమిది, ఆదివారం. శిశువు పేరు జెస్సికా. వయస్సు ఎనిమిది వారములు. తల్లి సుకుమారి. నా సంతకం ఉంది, వంకరగా. తండ్రి గడిలో సంతకం లేదు. ఆయన రాలేదు.

“రిజిస్టరు బయటికి ఇచ్చేది లేదమ్మాయ్,” అన్నారు పాస్టరు గారు. నా మొహం చూసి, “నేనే ఎత్తుకొస్తా. ఏ రోజో చెప్పు,” అన్నారు.

ఆ రోజే ఈ రోజు. స్టవ్ ఆపి, జావ చెంబులో పోసి, మూత పెట్టి, చేతులు కడుక్కున్నాను.

కోర్టు హాల్లో ఓబయ్య మాస్టారిని ముందు పిలిచారు. రిటైరయి పదేళ్ళయింది, కర్ర పట్టుకుని వచ్చాడు. “పుట్టిన కాగితం చూడలేదు సార్. తల్లి చెప్పింది రాసినాను. తారీఖు నేనే వేసినాను. అందరికీ అదే వేసేవాణ్ణి,” అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. తర్వాత పాస్టరు గారు రిజిస్టరు ఇచ్చారు. తర్వాత నేను.

బోనులో నిలబడితే జెస్సికా కనిపించింది. ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళ మధ్య, కాలేజీ చుడీదార్లో, చిక్కిపోయి. మొదటి వరసలో మా ఆయన, బావగారు. మా ఆయన కనుబొమలు ఎగరేశాడు. గుర్తుందిగా అని.

“మీ అమ్మాయి ఎప్పుడు పుట్టింది?” అని అడిగారు మేజిస్ట్రేటు గారు.

“రెండువేల ఎనిమిది, మార్చి పదిహేను సార్. శనివారం. మధ్యాహ్నం.”

మా ఆయన కుర్చీ కిర్రుమంది.

ప్రభుత్వ లాయరు లేచాడు. “బడిలో అయిదు నిండాయని చెప్పింది మీరే కదా? అప్పుడు అబద్ధం ఆడారు. ఇప్పుడు నిజం చెబుతున్నారని ఎలా నమ్మాలి?”

“నమ్మొద్దు సార్. రిజిస్టరు చూడండి,” అన్నాను.

మేజిస్ట్రేటు గారు తల ఎత్తి నన్ను చూశారు. “బడిలో ఎందుకు అలా చెప్పారమ్మా?”

ఈ ప్రశ్న కోసం పధ్నాలుగేళ్ళుగా కాచుకుని ఉన్నానని నాకు అప్పుడే తెలిసింది.

“పిల్లని చూసే దిక్కు లేక సార్. ఇంట్లో ఎనిమిది మందిమి. మా మామ అరుగు మీద కూచుంటాడు, ఆయన మగోడు. మా అత్తకి నడుం నొప్పి. బావగారు పెద్దమనిషి. అక్కకి పట్టదు. మరిది చీట్లాడతాడు, తీరదు. ప్రశాంత్ పన్నెండేళ్ళోడు, వాడికి అన్నం నేనే తినిపించేదాన్ని. మా ఆయన...” మొదటి వరసలో ఆయన వైపు తిరిగాను. “మా ఆయన పిల్లని ఒకనాడు చంకన ఎత్తుకోలేదు సార్. నేను షెడ్డులో కూచోకుంటే ఇంట్లో కూడు పెట్టరు. కూచుంటే పిల్ల పొట్టు తింటాది. అందుకని నాలుగేళ్ళ బిడ్డకి అయిదు చేసి బడికి తోసినాను. తప్పు నాదే. శిక్ష వేస్తే నాకు వెయ్యండి. దానికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. ఆ రోజుకి యాభై నాలుగు దినాలు తక్కువ. నేను కన్నాను, నాకు తెలుసు.”

మేజిస్ట్రేటు గారు టైపిస్టుకి ఇంగ్లీషులో ఒక వాక్యం చెప్పారు. పిల్లను చూసుకోవడానికి ఎవరూ లేనందున. అంతే. నేను కాక మిగిలిన ఏడుగురూ ఒక్క వాక్యంలో ‘ఎవరూ లేరు’ అయిపోయారు. నాకు నవ్వొచ్చింది. అంత సరిగా మా ఇంటి గురించి ఎవరూ రాయలేదు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆర్డరు చదివారు. సంఘటన జరిగిన రోజుకి ఆమెకి పద్దెనిమిదేళ్ళు నిండలేదు. ఆమెను విచారించే అధికారం ఈ కోర్టుకు లేదు. కాగితాలూ పిల్లా బోర్డు ముందుకు వెళ్ళాలి. ఈ రోజే జైలు నుంచి ఆడపిల్లల హోమ్‌కి మార్చాలి. మూడు వారాలుగా ‘ముద్దాయి’ అంటున్న చోట ‘పిల్ల’ అన్నారు. జెస్సికా తల వంచుకుంది. అప్పటిదాకా ఏడవని పిల్ల, ఆ మాటకి ఏడ్చింది.

కేసు పోలేదు. బోర్డు ముందు మళ్ళీ అడుగుతారు, మళ్ళీ చెప్పాలి. రేణుకాదేవి ఆ సంగతి దాచలేదు. “ఇంకోటి కూడా ఉందమ్మా. ఇప్పుడు పాప మైనరని తేలింది. షెడ్డులో జరిగింది పాప చెబితే, రాసుకోవాల్సిందే. రేపు పొద్దున నెల్లూరులో ఉండగలరా?”

వ్యాను ఎక్కబోతున్న జెస్సికా ఆగింది. “అమ్మా, నేను చెప్తా. ఈసారి నువ్వు జరిగి కూచోమనవుగా?”

“అనను,” అన్నాను. “నేను కూడా జరగను.”

వ్యాను కదిలాక మా ఆయన వచ్చాడు. కోర్టు ఆవరణ కాబట్టి పళ్ళ సందుల్లోంచి మాట్లాడాడు. “ఊళ్ళో వాళ్ళ ముందు నా పరువు తీసినావు. పిల్లని ఎత్తుకోలేదంట! కోర్టులో చెప్పే మాటా అది? మా అన్న మొహం ఎట్టా చూడమంటావే? ఇంటికి పద, చెప్తా.”

“నెల్లూరు పోతాండా,” అన్నాను.

“ఎవరి నడిగి?”

అంతలో ఆయన జేబులో ఫోను మోగింది. మా తోడికోడలు. ఏం విన్నాడో, మొహం చిట్లించి ఫోను నా చెవికి ఆనించాడు, అలవాటుగా, పాలవాడి సంగతి అయినా గ్యాసు సంగతి అయినా ఆనించినట్టే.

“సుకుమారీ, ఏందే ఇంత ఆలస్యం? పొద్దునది ఎప్పుడో అయిపోయింది. పిల్లోడు ఆకలితో అల్లాడిపోతాండాడు. సాయంత్రం జావ ఎవరు కాస్తారు?”

ఎదురుగా నెల్లూరు బస్సు ఇంజను స్టార్టు చేశాడు డ్రైవరు. రేణుకాదేవి మెట్టు మీద నిలబడి నాకోసం చూస్తోంది. నేను మా ఆయన మొహంలోకి చూస్తూ, పొద్దున ఆయన నేర్పిన మాటే, ఆయన నేర్పినట్టే ఫోనులో చెప్పాను.

“తెలీదు.”